మెల్‌బోర్న్ మొదటి వేలంలో అమ్మింది ఎవరి భూమి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పోయిన శనివారం మెల్‌బోర్న్‌లో ఒక ఇంటి వేలం చూసి వచ్చారు. ఈ నగరం నడిబొడ్డున ఉన్న స్థలాలను 1837లో అరెకరం 35 పౌండ్ల లెక్కన పాట పెట్టి అమ్మారన్న మాట నిజమేనా అన్నది మొదటిది. మన వైపు లింకు దస్తావేజులు తిరగేసినట్టు ఇక్కడ వెనక్కి పోతూ ఉంటే చివరికి ఏ కాగితం దగ్గర ఆగుతాం అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాట: నిజమే. రెండోదాని కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా భూమి కొలతల ఉద్యోగం చేసి, ఇప్పుడు ఈ ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాను. ఏ ఊరు వెళ్లినా అక్కడి తొలి సర్వే పటం చూడనిదే నాకు ఆ ఊరు అర్థం కాదు. అందుకే కొలతతోనే మొదలుపెడతాను.

1837 మార్చిలో గవర్నరు రిచర్డ్ బర్క్ సిడ్నీ నుంచి యారా నది ఒడ్డుకు వచ్చినప్పుడు ఆయన వెంట రాబర్ట్ హాడిల్ అనే సర్వేయరు ఉన్నాడు. ఆ హాడిల్ చేతిలో ఉన్నదీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికి ఇచ్చినదీ ఒకే రకం గొలుసు: 66 అడుగుల పొడవు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఎకరంలో నూరో వంతు మన సెంటు, అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. ఇంగ్లండులో పుట్టిన ఈ గొలుసు గోదావరి జిల్లాల పొలాలనూ కొలిచింది, మెల్‌బోర్న్ వీధులనూ కొలిచింది. అందుకే హాడిల్ గీసిన పటం మొదటిసారి చూసినప్పుడు పాత ఎఫ్ఎంబీ (మన సర్వే శాఖ పొలాల కొలతల) పుస్తకం తెరిచినట్టే అనిపించింది.

ఆ పటంలో పెద్ద వీధులు గొలుసున్నర వెడల్పు, అంటే 99 అడుగులు. వాటి మధ్య పది గొలుసుల పొడవు, పది గొలుసుల వెడల్పుతో 24 చదరాలు. ఒక్కో చదరం పది ఎకరాలు. దాని నడుమ నుంచి అర గొలుసు, అంటే 33 అడుగుల చిన్న వీధి ఒకటి పోతుంది. బండ్లు, గుర్రాలు పెరటి వైపు నుంచి వచ్చేందుకు ఈ చిన్న వీధులు కావాలని బర్క్ పట్టుబట్టాడు. హాడిల్ పట్టుబట్టింది పెద్ద వీధుల వెడల్పు కోసం. ఇద్దరి మాటా నెగ్గింది. చిన్న వీధి పోగా మిగిలిన తొమ్మిదిన్నర ఎకరాలను 20 ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 47.5 సెంట్లు. ముఖం 66 అడుగులు, లోతు 313న్నర అడుగులు. మన లెక్కలో 2,299 గజాలు. లోకమంతా అరెకరం అని చెప్పుకొనే ముక్క అసలు కొలత ఇది.

1837 జూన్ 1న మొదటి వేలం జరిగింది. అప్పటికి అక్కడున్నది కొన్ని వందలమంది జనం, తడికెలకు మట్టి మెత్తి కట్టుకున్న గుడిసెలు. వీధులన్నవి పటం మీద గీతలు, నేలలో పాతిన కర్రలు. కొలిచిన హాడిలే సుత్తి పట్టుకుని పాట పాడించాడు. ముక్క సగటున 35 పౌండ్లు పలికింది. ఆ రోజు పాటకు హాడిల్‌కు ముట్టిన కమిషన్ 57 పౌండ్ల 12 షిల్లింగుల 7 పెన్నీలు. అదే రోజు ఆయన రెండు ముక్కలు తన పేరిట కొనుక్కున్నాడు, రెండూ కలిపి 54 పౌండ్లు. అంటే కమిషన్ డబ్బుతో రెండు స్థలాలూ వచ్చి, పైన మూడు పౌండ్లు మిగిలాయి. కొలిచినవాడు, పటం గీసినవాడు, పాట పాడించినవాడు, పాడుకున్నవాడు ఒక్కడే కావడం ఆనాటి నిబంధనల ప్రకారం తప్పు కాదు. అయినా ఏ స్థలంలో వాన నీరు నిలుస్తుందో, ఏది మెరకగా ఉందో ఊరందరికంటే ముందు తెలిసేది సర్వేయరుకే. నా ఉద్యోగంలో నేను కొలిచిన ఊళ్లో ఒక్క సెంటు కూడా కొనకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ కళ్లతో చూస్తాను కాబట్టి ఈ విషయంలో హాడిల్‌ను సమర్థించలేను.

35 పౌండ్లు ఎక్కువా తక్కువా అంటే, ఆ రోజుల్లో ఊరి బయట ఏం జరుగుతోందో చూడాలి. టాస్మానియా నుంచి ఓడల్లో గొర్రెలను దింపి, వేల ఎకరాల గడ్డిభూములను ఆక్రమించుకున్నవారు 1836లో వచ్చిన పద్ధతి ప్రకారం సర్కారుకు ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుము కడితే చాలు. ఆ మందల ఉన్ని లండనుకు పోవాలి, లండను నుంచి టీ, పనిముట్లు, బట్టలు రావాలి. రెండూ యారా ఒడ్డున ఓడలు ఆగే ఆ కొద్ది మేర నుంచే సాగాలి. కాబట్టి మంద తోలుకునేవాడికి నేల దాదాపు ఉచితం, గిడ్డంగి కట్టుకునేవాడికి నేల బంగారం. 1837లో కొందరు కొన్నది స్థలం కాదు, ఆ రాకపోకల దారిలో చోటు.

అసలు వేలమే ఎందుకు పెట్టారన్నది కూడా చెప్పాలి. 1831కి ముందు న్యూ సౌత్ వేల్స్ (అప్పట్లో మెల్‌బోర్న్ ప్రాంతం కూడా దాని కిందిదే) గవర్నర్లు భూమిని తమకు నచ్చినవారికి ఉచితంగా రాసిచ్చేవారు. ఆ ఏడాది బ్రిటన్‌లో వలసల మంత్రి రిపన్ ప్రభువు పేరుతో వచ్చిన నిబంధనలు దాన్ని ఆపేశాయి. ఇక మీదట సర్కారు భూమి ఎవరికి కావాలన్నా బహిరంగ వేలంలో పాడుకోవాలి. సర్కారు వారి పాట ఎకరానికి 5 షిల్లింగులు, అంటే పౌండులో పావు. పాట ఖాయమైన వెంటనే పదో వంతు ధరావతు, మిగతాది నెలలోపు. ఈ ఆలోచన వెనక వలసల గురించి రాసిన ఇంగ్లీషు రచయిత ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ వాదన ఉంది: భూమి చవకగా దొరికితే వలస వచ్చిన కూలీ రెండో రోజే రైతైపోతాడు, ఇక పని చేసేవాడు దొరకడు. అందుకే భూమికి చాలినంత ధర పెట్టాలి, ఆ డబ్బుతో బ్రిటన్ నుంచి కూలీలకు ఓడ ఖర్చులు పెట్టి రప్పించాలి. వేలం సొమ్ములో పెద్ద భాగం అలాగే ఖర్చయింది. అంటే ఆ సుత్తి ఒక్కో దెబ్బకూ రెండు పనులు జరిగాయి: ఒకడికి స్థలం దక్కడం, ఆ స్థలంలో పనిచేయడానికి మరొకడు ఓడ ఎక్కడం.

మన వైపు వేలాలతో దీన్ని కలిపి చూడకండి. ఉత్తర సర్కారుల్లో కంపెనీ 1802 తర్వాత శాశ్వత శిస్తు పరిష్కారం తెచ్చినప్పుడు, హవేలీ భూములను, అంటే జమీందారు లేకుండా నేరుగా సర్కారు కింద ఉన్నవాటిని, ముఠాలనే ఎస్టేట్లుగా విడగొట్టి వేలం వేసింది. శిస్తు బాకీ పడ్డ జమీందారీలూ వేలానికి వచ్చాయి. అక్కడ పాడుకున్నది ప్రధానంగా రైతు నుంచి శిస్తు వసూలు చేసుకునే హక్కు. పాటదారు మారినా రైతు ఆ నేల మీదే ఉన్నాడు. మెల్‌బోర్న్‌లో అమ్మింది నేలనే, సంపూర్ణ హక్కుతో. అక్కడ పాట ఖాయమైతే ఆ నేల మీద అంతవరకు ఉన్నవారికి చోటు లేదు.

ఉన్నవారు ఎవరన్నదే ఇప్పుడు చెప్పవలసినది. యారా పరీవాహకమంతా కూలిన్ అనే మూలవాసుల జాతుల్లో ఒకటైన వురుండ్జెరి ప్రజల నేల. 1835 జూన్‌లో టాస్మానియా నుంచి వచ్చిన జాన్ బాట్‌మన్ అనే పశువుల ఆసామి ఎనిమిది మంది పెద్దల చేత ఒక దస్తావేజు మీద గుర్తులు పెట్టించుకున్నాడు. ఆ దస్తావేజులో రాసిన ప్రతిఫలం చదివితే మనసు కలుక్కుమంటుంది: 20 జతల దుప్పట్లు, 30 చేతిగొడ్డళ్లు, 100 కత్తులు, 50 కత్తెరలు, 30 అద్దాలు, 200 చేతిరుమాళ్లు, 100 పౌండ్ల బరువు పిండి, 6 చొక్కాలు. ఏటా మరికొన్ని ఇస్తామన్న మాట. జీలాంగ్ వైపు రాయించుకున్న రెండో దస్తావేజుతో కలిపి బదలాయించినట్టు రాసుకున్నది సుమారు 6 లక్షల ఎకరాలు. ఆ పెద్దలకు ఇంగ్లీషు రాదు, నేలను శాశ్వతంగా అమ్మడమన్న భావనే వారి వ్యవహారంలో లేదు. తమ నేలకు వచ్చిన అతిథులకు తాత్కాలికంగా ఉండనిచ్చే ఆచారం వారిలో ఉంది. ఈ తంతును కూడా అలాగే భావించి ఉంటారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

1835 ఆగస్టు 26న గవర్నరు బర్క్ ఒక ప్రకటనతో ఆ దస్తావేజు చెల్లదన్నాడు. మూలవాసులకు అన్యాయం జరిగిందని కాదు. ఇవన్నీ రాజుగారి ఖాళీ భూములు, వాటిని రాజుగారు తప్ప మరెవరూ అమ్మలేరు, కొనలేరు, అనుమతి లేకుండా ఉన్నవారు అక్రమంగా చొరబడినవారు అన్నది ఆ ప్రకటన సారం. ఆ పెద్దలకు అమ్మే హక్కు ఉందని ఒప్పుకుంటే వారు యజమానులని ఒప్పుకున్నట్టే. అప్పుడు సర్కారు కూడా వారి దగ్గరే కొనాలి. ఆ ప్రకటన ఆ దారి మూసేసింది. తర్వాత బాట్‌మన్ భాగస్వాములకు పెట్టుబడి నష్టపోయారన్న లెక్కన 7,000 పౌండ్ల మేర భూమి కొనుగోలులో మినహాయింపు ఇచ్చారు. వురుండ్జెరి ప్రజలకు పైసా రాలేదు. 1837 జూన్‌లో సర్కారు అమ్మకందారుగా నిలబడింది ఈ ప్రకటన మీదే.

ఇక ధరల సంగతి. 1839, 1840 సంవత్సరాల్లో మెల్‌బోర్న్‌కు పూనకం వచ్చింది. లండనులో కేంద్రాలున్న బ్యాంకులు 1838లోనే ఇక్కడ శాఖలు తెరిచాయి, చేతికి నగదు రాకపోయినా హుండీల (తర్వాత డబ్బు కడతామన్న హామీ కాగితాల) మీద కొనుగోళ్లు నడిచాయి. సర్కారు దగ్గర కొన్న అరెకరాన్ని మధ్యలో సందు తీసి, అడుగుల లెక్కన తిరిగి అమ్మారు. ఈ రోజు పర్యాటకులు ఫోటోలు తీసుకునే మెల్‌బోర్న్ సందుల్లో చాలా వరకు అలా పుట్టినవే. ఏ సర్వేయరూ పటంలో గీసినవి కావు, స్థలం ముక్కలు చేసి లాభం చేసుకున్నవారు వదిలిన దారులు. పక్కనే ఉన్న ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్ వైపు పరిస్థితి మరీ దారుణం. సర్కారు అక్కడ 25 ఎకరాల పెద్ద ముక్కలుగా అమ్మేసి, లోపల వీధులు ఎలా ఉండాలో చెప్పలేదు. కొన్నవాడు తన ముక్కలో తనకు తోచినట్టు వీధి వేశాడు, పక్కవాడి వీధి దానికి కలవదు. లేఅవుట్ అనుమతి లేని వెంచర్లు మన దగ్గర ఎలా తయారవుతాయో చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ప్రైవేటు వేలాల్లో గుడారం వేసి పాటకు ముందే భోజనం, షాంపేన్ ఉచితంగా పోసేవారు. ఖాళీ సీసాలు ఊరి చుట్టూ దారుల్లో గుట్టలుగా పడి ఉండేవని ఆనాటివారు రాసుకున్నారు. ఆ విందు ఖర్చు స్థలం ధరలోనే కలిసేదని పాడుకున్నవారికి మర్నాడు తెలిసేది.

ఆ రోజుల్లో నన్ను బాగా కదిలించిన మనిషి హెన్రీ డెండీ. 1840లో లండనులో ఒక కొత్త నిబంధన వచ్చింది: 5,120 ఎకరాలు, అంటే ఎనిమిది చదరపు మైళ్లు, ఎకరం ఒక పౌండు చొప్పున అక్కడే డబ్బు కట్టి, వలస ప్రాంతంలో తనకు నచ్చిన చోట ఎంచుకోవచ్చు. డెండీ 5,120 పౌండ్లు కట్టి 1841 ఫిబ్రవరిలో కాగితం పట్టుకుని మెల్‌బోర్న్‌లో దిగాడు. ఊరి పక్క భూమి వేలంలో అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంటే ఈయన పౌండుకే అడుగుతున్నాడని బర్క్ తర్వాత వచ్చిన గవర్నరు గిప్స్ మండిపడ్డాడు. పట్టణానికి ఐదు మైళ్లలోపు ఇవ్వబోమన్నాడు. చివరికి సముద్రం ఒడ్డున ఇప్పటి బ్రైటన్ ఆయనకు దక్కింది. ఈ రోజు మెల్‌బోర్న్‌లో అత్యంత ఖరీదైన శివార్లలో అదొకటి. కానీ అదే సమయానికి ఉన్ని ధర పడిపోయింది, అప్పులిచ్చినవారు చేతులు ముడుచుకున్నారు, 1842, 43లలో ఊరంతా దివాలా పిటిషన్లే. డెండీ భూమి మొత్తం చేజారిపోయింది. ధర చూసి ఆయన అదృష్టవంతుడనుకున్నారు. ఆ ధర ఇవ్వగల కొనుగోలుదారు మిగలకపోతే ఎకరాలు లెక్కకే గానీ అప్పు తీర్చడానికి పనికిరావు.

ఇంత వేగంగా చేతులు మారిన భూమికి కాగితాలు ఎలా ఉంటాయో ఊహించగలరు. ఒక్కో అమ్మకానికి ఒక్కో దస్తావేజు, పాత దస్తావేజుల్లో ఏ ఒక్కటి పోయినా, ఎక్కడ ఒక్క సంతకం తప్పినా ఆ తర్వాతి గొలుసంతా సందేహం. దీనికి మందు పక్క వలస ప్రాంతంలో దొరికింది. అడిలైడ్‌లో కస్టమ్స్ అధికారిగా పనిచేసిన రాబర్ట్ టారెన్స్, ఓడల రిజిస్టరులో ఓడ యజమాని పేరు ఎలా మారుస్తారో చూసి, భూమికీ అలాగే చేయవచ్చన్నాడు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో అది చట్టమైంది, 1862లో మెల్‌బోర్న్ రాజధానిగా ఉన్న విక్టోరియా కూడా తెచ్చుకుంది. దాని సారం ఇది: దస్తావేజు హక్కును ఇవ్వదు, ప్రభుత్వ రిజిస్టరులో పేరు ఎక్కడమే హక్కు. రిజిస్టరు తప్పు వల్ల ఎవరైనా నష్టపోతే పరిహార నిధి నుంచి చెల్లిస్తారు. మన సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నమోదు చేసేది దస్తావేజును మాత్రమే, అమ్మినవాడు అసలు యజమానో కాదో అది పూచీ పడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద ఎంత చర్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ హామీ హక్కు అన్న ఊహకు మూలం అడిలైడ్‌లోని ఈ 1858 చట్టమే.

1880లలో పూనకం మళ్లీ వచ్చింది. ఈసారి రైలు మార్గాలు, కేబుల్ ట్రాములు, శివారు స్థలాలకు ఉచిత రైలు, అదే గుడారం, అదే షాంపేన్. 1893కల్లా దేశంలోని సగానికి పైగా బ్యాంకులు తలుపులు మూశాయి. విక్టోరియా ప్రధానిగా పనిచేసిన జేమ్స్ మన్రో కూడా దివాలా తీశాడు. టారెన్స్ రిజిస్టరు అప్పటికే ఉంది, హక్కులు పదిలంగానే ఉన్నాయి, పలికిన ధరలే లేకుండా పోయాయి.

ఇక మీ రెండో ప్రశ్నకు సూటి జవాబు. మెల్‌బోర్న్ నడిబొడ్డున 1837లో అమ్మిన ఏదైనా స్థలం తీసుకోండి. ఇప్పటి రిజిస్టరు పుట నుంచి వెనక్కి పోతే, అది టారెన్స్ పద్ధతిలోకి మారిన రోజు వస్తుంది. అంతకు ముందు పాత దస్తావేజుల గొలుసు. దాని మొదట్లో 1837 నాటి సర్కారు పట్టా. అక్కడితో కాగితం ఆగిపోతుంది. ఆ పట్టాకు వెనక లింకు దస్తావేజు లేదు, బర్క్ ప్రకటన ఒక్కటే ఉంది. ఆస్ట్రేలియా యజమానులు లేని నేల అన్న వాదనను 1992లో మాబో కేసులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసింది. మూలవాసుల హక్కు బ్రిటిషు రాకతో పోలేదని ఒప్పుకుంది. అయితే సర్కారు సంపూర్ణ హక్కుతో పట్టా ఇచ్చిన చోట ఆ హక్కు అంతరించిందనీ అదే తీర్పు చెప్పింది. అంటే హాడిల్ సుత్తి పడిన 47.5 సెంట్ల ముక్కల మీద వురుండ్జెరి ప్రజలు కోర్టులో అడగగలిగేది ఏమీ లేదు. మీరు అక్కడ ఇల్లు కొంటే చట్టప్రకారం మీ హక్కుకు ఢోకా లేదు. వేలంలో పాట మీ పేరున ఖాయమైతే మాత్రం వెనక్కి తగ్గే గడువు ఉండదని గుర్తుంచుకుని, కాగితాలన్నీ ముందుగానే లాయరుకు చూపించి వెళ్లండి. ధరావతు ఇప్పటికీ మామూలుగా పదో వంతే.

ఈ కథలోని ఇద్దరు 1881లో చనిపోయారు. హాడిల్ గొప్ప ఆస్తిపరుడిగా పోయాడు, డెండీ చేతిలో ఏమీ లేకుండా పోయాడు. అదే ఏడాది కోరండెర్క్ అనే చోట ఒక విచారణ సంఘం కూర్చుంది. వురుండ్జెరి ప్రజలకూ ఇతర కూలిన్ వారికీ 1863లో మెల్‌బోర్న్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కేటాయించిన స్థలం అది. వాళ్లు అక్కడ అడవి కొట్టి, ఇళ్లు కట్టుకుని, బీరు తయారీలో వాడే హాప్స్ పంట పండించారు. భూమి విలువ పెరిగేసరికి వాళ్లను అక్కడి నుంచి పంపేయాలన్న ప్రయత్నం మొదలైంది. దాని మీద సాక్ష్యం చెప్పినవారిలో విలియం బారక్ ఒకరు. చిన్నపిల్లవాడిగా బాట్‌మన్ ఒప్పందం నాడు అక్కడ ఉన్న మనిషి ఆయన. తన వాళ్లతో కలిసి మెల్‌బోర్న్ దాకా నడిచి వచ్చి మంత్రులకు విన్నపాలు ఇచ్చాడు. 1884లో ఆ స్థలాన్ని శాశ్వతంగా కేటాయించారు. 1893లో అందులో దాదాపు సగం తీసేసుకున్నారు. బారక్ 1903లో అక్కడే కన్నుమూశాడు. 1924లో స్థావరాన్ని మూసేశారు, తర్వాత ఆ నేల యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు పంచారు. 1990ల చివర్లో అందులో సుమారు 200 ఎకరాలు మళ్లీ వాళ్ల వారసుల చేతికి వచ్చాయి. మూలవాసుల భూముల కోసం ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ వాటిని డబ్బిచ్చి కొని అప్పగించింది.